కూతురి కషాయం

ఆ శనివారం పొద్దున గుయిజెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేచి కషాయం కాయాలి. ఏడున్నరకల్లా కూతురి చేత తాగించాలి. మధ్యాహ్నంలోపు ఆ కూతురు తేలికపడ్డ మొహంతో బాత్రూములోంచి బయటికి రావాలి. ఇదంతా పాత నూలుమిల్లు క్వార్టర్సులో ఒక్క ప్రాణికి కూడా తెలియకుండా జరిగిపోవాలి. అసలు కష్టమంతా ఈ చివరి దాంట్లోనే ఉంది. యిచాంగ్ ఊళ్ళో ఆ క్వార్టర్సు గోడలు ఎంత పల్చనివంటే, మూడో అంతస్తులో ఎవరైనా తుమ్మితే ఐదో అంతస్తులోంచి "స్వెట్టర్ వేసుకో" అని వినిపిస్తుంది.

కూతురు మిన్‌యాకి ఇరవై ఎనిమిదేళ్ళు. గడియారాలు బాగుచేసే దుకాణంలో పని. రెండేళ్ళ కిందట ఆ పిల్లకి మనసు చెదిరింది. బల్ల మీద విప్పి పెట్టిన గడియారాలన్నీ తనని తిడుతున్నాయని తిండి మానేసింది, నిద్ర మానేసింది, మూడు వారాలు ఆస్పత్రిలో ఉంది. క్వార్టర్సులో మాత్రం ఉహాన్‌కి ట్రైనింగుకి వెళ్ళిందని చెప్పుకున్నారు. డాక్టరు ఇచ్చిన మాత్రలతో గడియారాలు నోరు మూసుకున్నాయి. వాటితోపాటు మిన్‌యా పేగులూ పని మానేసి కూర్చున్నాయి.

ఇవాళ్టికి ఆరో రోజు. నిన్న భోజనాల దగ్గర మిన్‌యా అన్నం తినే పుల్లలు కింద పెట్టేసి, "అమ్మా, రేపు సాయంత్రంలోపు కదలకపోతే ఆ మాత్రలు మానేస్తాను. పిచ్చిదాన్నయినా ఫరవాలేదు గానీ, సిమెంటు బస్తాలా బతకలేను" అంది.

మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఆ రాత్రి గుయిజెన్ మంచం మీద పడుకుని వరసగా ఊహించుకుంది. పిల్ల ఉద్యోగం పోతుంది. మళ్ళీ ఆస్పత్రి, ఈసారి మూడు వారాలు కాదు, మూడేళ్ళు. ఆ దిగులుతో తనకి గుండెపోటు, అది చూసి మొగుడికి పక్షవాతం. తెల్లారేసరికి ఆవిడ ఊహలో ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఆస్పత్రిలో మూలికల వైద్యం చేసే డాక్టరమ్మ ఒక్కటంటే ఒక్క పొట్లం ఇచ్చింది. రెండుసార్లు కాచి రెండూ కలపండి, భేదికిచ్చే రేవలచిన్ని వేరు విడిగా కట్టాను, దాన్ని చివరి ఐదు నిమిషాల్లోనే వేయండి, ఎలా ఉందో సోమవారం వచ్చి చెప్పండి అంది. గుయిజెన్ చదివింది ఆరో తరగతే అయినా ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం పోతుందేమోనని ఇంకో కాగితం మీద కూడా రాసుకుంది.

ఆరుంపావుకి మట్టికుండ పొయ్యి మీదికి ఎక్కింది. కాసేపటికి, నీళ్ళు తక్కువ పోశానేమో, మందు మాడి విషమైపోతుందేమో అని ఆవిడకి భయం పట్టుకుంది. కాగుతున్న కుండలో గబగబా చల్లనీళ్ళు ఒంపింది. కుండ టప్పుమని నిలువునా చీలింది. మూలికల్ని, చిక్కినన్ని నీళ్ళని గిన్నెలోకి పట్టుకుంది గానీ, ఇనప గిన్నెలో కాస్తే మందు చెడిపోతుంది. మట్టికుండే కావాలి. కింది అంతస్తులో పాంగ్ వదిన దగ్గర ఒకటి ఉంది. ఆవిడ దగ్గర దాచిన రహస్యం ఒక్కటీ ఉండదు గానీ, తక్కినవన్నీ ఉంటాయి.

మందుకుండ అడగడమంటే ఉప్పు అడిగినంత సులువు కాదు. ఇచ్చేవాళ్ళు చేతికివ్వరు. గుమ్మం బయట నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోతారు, కావలసినవాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారు. వాడుకున్నాక తెచ్చి ఇవ్వకూడదు కూడా, ఇస్తే రోగం కూడా కుండ వెంట వస్తుంది. ఇదంతా తెలిసిన పాంగ్ వదిన కుండని గుమ్మం బయట పెట్టింది గానీ తను లోపలికి వెళ్ళలేదు. కుండకి కాపలాగా నిలబడింది.

"ఎవరికి వదినా?"

"మా ఆయనకి" అంది గుయిజెన్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆవిడకే ఆలస్యంగా తెలిసింది.

"అన్నయ్యకా? నిన్న సాయంత్రం కూడా చదరంగం బల్ల దగ్గర నిక్షేపంలా అరుస్తున్నాడుగా. ఏమైంది?"

"కదలట్లేదు."

"ఏది, చెయ్యా, కాలా?"

"అవి కాదు వదినా. లోపల."

పాంగ్ వదిన గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే రెండంతస్తుల వరకే వినిపిస్తుంది. "ఎన్నాళ్ళయింది?"

పొద్దున్నే రెండు అబద్ధాలు ఎందుకులే అని గుయిజెన్ నిజం చెప్పింది. "ఆరు రోజులు."

"అయ్యో పాపం. పది గంటలకి ఫైనల్ పెట్టుకుని."

గుయిజెన్ మొగుడు తాన్ దెలిన్ ముప్పై ఏళ్ళు లారీ నడిపి రిటైరైన మనిషి. క్వార్టర్సు చదరంగంలో నాలుగేళ్ళుగా గెలుస్తున్నాడు. నాలుగేళ్ళుగా ఫైనల్లో ఓడిపోతున్నది లువో పెద్దాయన. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆ పెద్దాయన నలభై ఏళ్ళు మూలికల దుకాణంలో తక్కెడ పట్టాడు. కాచి పారేసిన పిప్పి చూసి ఏ రోగమో, ఏ వయసో, కాచినవాళ్ళ శ్రద్ధ ఎంతో కూడా చెప్పేస్తాడు.

అరువు కుండలో కషాయం తయారై, కప్పులోకి వడకట్టి, రెండో కాపుకి నీళ్ళు పోయబోతుండగా మెట్ల మీదినుంచి పాంగ్ వదిన గొంతు వినిపించింది. "వదినా, లువో పెద్దాయనకి కబురుపెట్టాను. వచ్చి మందు చూస్తానన్నాడు."

గుయిజెన్ నీళ్ళ చెంబు పక్కన పెట్టేసింది. పెద్దాయన పిప్పి చూస్తాడు, ఇది ఆడపిల్ల మందని చెప్పేస్తాడు, పది నిమిషాల్లో క్వార్టర్సంతా తెలుస్తుంది, మిన్‌యా గుమ్మం దాటదు. కుండలో పిప్పిని పాత పేపర్లోకి గుమ్మరించి, వెనక మెట్ల మీదుగా కిందికి పరిగెత్తింది. గేటు దగ్గర నాలుగు దారులు కలిసేచోట నేల మీద పోసేసింది. మందు పిప్పిని కూడలిలో పోస్తే పదిమంది తొక్కి రోగాన్ని తలా కాస్త పట్టుకుపోతారని అక్కడ అందరూ చేసే పనే, ఎవరికీ అనుమానం రాదు. ఊపిరి పీల్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది రెండోసారి కాయాలని. రెండు కాగితాలూ వంటింట్లో క్షేమంగా ఉన్నాయి.

పిప్పి పోసిన కూడలికి పది అడుగుల దూరంలో పాంగ్ వదిన నడిపే ఆడవాళ్ళ డాన్సు బృందం రోజూ ఏడింటికి ఆడుతుంది. ఆ వేళకి పంజరంలో పిట్టతో లువో పెద్దాయన కూడా అటే వస్తాడు. దెలిన్ నూనెలో వేయించిన ముల్లంగి కుడుములు కొనుక్కుని గేట్లోకి వచ్చేసరికి, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఎర్ర విసనకర్రలు పట్టుకుని, స్పీకరు పక్కన పెట్టుకుని, సరిగ్గా కూడలి మధ్యలో కాళ్ళు దబదబా కొడుతూ ఆడుతున్నారు.

"ఏమ్మా, ఇవాళ రోడ్డు మీద పడ్డారు?" అన్నాడు దెలిన్.

"తొక్కుతున్నాం అన్నయ్యా" అంది పాంగ్ వదిన, తాళం తప్పకుండా. "నీ కోసమే."

"నా కోసమా?"

"మా దగ్గర సిగ్గెందుకు. ఆరు రోజులంటే మాటలా. ఇంకో రెండు పాటలు తొక్కుతాం, నువ్వు ఇంటికెళ్ళి మందు తాగు."

దెలిన్ ఆ రోజు ఐదున్నరకే, రోజూలాగే, రైలు టైముకి వచ్చినట్టు పని ముగించుకుని వచ్చాడు. ఆ మాటే చెప్పబోయాడు గానీ, పద్దెనిమిది మంది ఆడవాళ్ళ ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

లువో పెద్దాయన అప్పటికే గొంతుకూర్చుని పిప్పిని కర్రతో కెలుకుతున్నాడు. "రేవలచిన్ని. నడిమధ్యలో ఇంకా గట్టిగానే ఉంది, అంటే చివర్లో వేశారు. ఘాటైన మందే. తాన్, ఇది తాగినవాడు మూడు గంటలకి మించి కుర్చీలో కూర్చోలేడు." ఎండు నారింజ ముక్కల్ని, ఇంకేవో గింజల్ని అటూ ఇటూ జరిపి చూశాడు. తర్వాత ఒక్క మాట కూడా అనకుండా లేచి, పిట్ట పంజరాన్ని భుజానికి తగిలించుకున్నాడు.

దెలిన్ ఇంటికి చేరేసరికి అతని వెనక సగం డాన్సు బృందం ఉంది. ఒకరి చేతిలో తేనె సీసా, ఒకరి చేతిలో ఉడకబెట్టిన చిలగడదుంపలు, ఒకరి చేతిలో పియర్ పళ్ళు. భోజనాల బల్ల మీద నల్లటి కషాయం పొగలు కక్కుతోంది. దాని పక్కన గుయిజెన్ చీకట్లో పిల్లి కనిపించిన ఎలుకలా నిలబడి ఉంది.

"వేడి మీదే తాగాలి అన్నయ్యా. మేం చూసి వెళ్తాం" అంది పాంగ్ వదిన.

దెలిన్ కప్పుని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఆవిడ కళ్ళు ఒకసారి కప్పు మీదికి, ఒకసారి మూసి ఉన్న మిన్‌యా గది తలుపు మీదికి వెళ్ళాయి. ముప్పై ఏళ్ళు కొండదారుల్లో లారీ నడిపినవాడు, ఎదుటి బండి లైట్లు చూసి సంగతి గ్రహించగలడు. కప్పెత్తి గటగటా తాగేశాడు.

"చేదా?" అంది పాంగ్ వదిన.

"నువ్వు తాగి చూడు" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

అప్పుడే మిన్‌యా నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చింది. ఖాళీ కప్పుని చూసి తల్లిని వంటింట్లోకి లాక్కుపోయింది.

"అమ్మా, అది నాదేనా?"

"నీదే."

"ఇంకా ఉందా?"

"రోడ్డు మీద ఉంది."

"రోడ్డు మీదా?"

"పాంగ్ అత్తయ్యవాళ్ళు తొక్కారు. మీ నాన్న కోసం."

"సాయంత్రం దాకా అన్నాను. మాట మాటే" అంది మిన్‌యా. అంతకంటే గట్టిగా అరిచినా గుయిజెన్‌కి బాగుండేది. ఇంతలో గుమ్మంలోంచి లువో పెద్దాయన, "అమ్మాయ్, నా గడియారం ఆగిపోయింది, కాస్త బాల్కనీ వెలుతుర్లో చూస్తావా" అని పిల్లని పిలుచుకుపోయాడు. ప్రాణం మీదికి వచ్చినరోజు ఈయన గడియారం గోల ఏమిటని గుయిజెన్ లోపల్లోపలే తిట్టుకుంది.

పది గంటలకి కాలక్షేపం హాల్లో ఫైనల్ మొదలైంది. మామూలుగా ఏడెనిమిది మంది వస్తారు. ఆవేళ ముప్పై నలుగురు వచ్చారు, అందులో చదరంగం తెలిసినవాళ్ళు నలుగురు. హాలు చివర ఒకే ఒక్క మరుగుదొడ్డి ఉంది. అందరూ కుర్చీలు వేసుకునేటప్పుడు బల్లకీ దానికీ మధ్య దారి వదిలిపెట్టి వేసుకున్నారు. గుయిజెన్ ఒక చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, ఇంకో చేతిలో ఉప్పు, పంచదార పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మొగుడి ఒంట్లో నీరంతా పోయి కళ్ళు తిరిగి పడిపోవడం, సాయంత్రం కూతురు మాత్రల డబ్బా కిటికీలోంచి విసిరెయ్యడం, ఈ రెండూ ఆవిడకి ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తున్నాయి.

మొదటి అరగంట దెలిన్ ఎప్పటిలాగే ఆడాడు. పదీ ముప్పై ఐదుకి అతని నుదుటిన చెమట పట్టింది. పదీ నలభైకి రెండు కాళ్ళూ మెలేసుకున్నాడు. లువో పెద్దాయన చెయ్యి చైనా చదరంగంలో ఉండే ఫిరంగి పావు మీదికి వెళ్ళింది, గాల్లోనే ఆగింది, గడ్డం దగ్గరికి తిరిగి వచ్చింది.

"పెద్దాయనా, ఎత్తు వెయ్యి" అన్నాడు దెలిన్.

"వేస్తాను. ఆటంటే ఆలోచన. నీకేమైనా పనుందా?"

"నాకేం పనుంటుంది."

"మరైతే కూర్చో."

పాంగ్ వదిన ముందుకి వంగింది. "ఏమన్నా తోచిందా అన్నయ్యా?"

"ఎత్తు గురించా?"

"రెండిటి గురించీ."

అక్కడినుంచి దెలిన్ ఆట మారిపోయింది. దోమల్ని కొట్టినట్టు ఎత్తులు వేశాడు. రథాన్ని బలిచ్చాడు, గుర్రాన్ని బలిచ్చాడు, ఏనుగుని ఎందుకు కదిపాడో ఆ ఏనుక్కి కూడా తెలియదు. ఆ దూకుడికి పెద్దాయన నిజంగానే తికమకపడ్డాడు. చూసేవాళ్ళలో ఆట తెలిసిన నలుగురూ ఇదేదో కొత్త పద్ధతని తలలూపారు. పెద్దాయన ఎట్టకేలకు ఫిరంగిని తెచ్చి రాజుకి ఎదురుగా పెట్టి, "చెక్" అన్నాడు. సరిగ్గా అప్పుడే దెలిన్ లేచాడు. రాజుని వదిలేశాడు, చెప్పుల్లో ఒకదాన్ని వదిలేశాడు, నడుం వంచకుండా, మోకాళ్ళు విడదీయకుండా, నిండుకుండ నెత్తిన పెట్టుకున్నవాడిలా ఆ దారి వెంట వెళ్ళాడు. అటూ ఇటూ నిలబడ్డ డాన్సు బృందం అలవాటు కొద్దీ అతని అడుగులకి తాళం వేసింది. తలుపు మూసుకుంది. ఒక్క క్షణం హాలంతా చెవులు రిక్కించింది. లోపలినుంచి వచ్చిన శబ్దానికి కాపలావాడి కుక్క లేచి నిలబడింది. హాలు చప్పట్లతో మారుమోగింది.

ముందు వరసలో తల్లి పక్కనున్న మిన్‌యా నవ్వింది. ముందు ముక్కులోంచి, తర్వాత భుజాల్లోంచి. రెండేళ్ళుగా ఆ పిల్ల మొహం ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉండేది. ఇప్పుడు కడుపు పట్టుకుని, కుర్చీ మీదికి ఒరిగి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నవ్వింది. గుయిజెన్‌కి సంతోషం కలగడానికి టైము చాలలేదు. మళ్ళీ మనసు చెదిరిందేమోనని ముందు భయపడింది.

ఉన్నట్టుండి మిన్‌యా నవ్వు ఆపేసింది. నిటారుగా లేచి నిలబడింది.

"అమ్మా."

"ఏమైందే?"

"వస్తోంది."

ఇల్లు మూడో బ్లాకులో నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. ఉన్న ఒక్క మరుగుదొడ్డిలో మొగుడున్నాడు. గుయిజెన్ ఫ్లాస్కు పక్కన పడేసి వెళ్ళి రెండు చేతులతో తలుపు బాదింది.

"బయటికి రావయ్యా."

"ఇప్పుడేగదే వచ్చాను" అన్నాడు లోపలినుంచి దెలిన్, నీరసంగా.

"రా అంటే రా. ఆ మందు నీది కాదు, దానిది. ఆరు రోజులు దానికి. తల మాత్రలు వేసుకునేది అది, రెండేళ్ళనుంచి. ఉహానూ లేదు, ట్రైనింగూ లేదు, ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడు కదలకపోతే అది మాత్రలు మానేస్తుంది, మానేస్తే నా పిల్ల నాకు దక్కదు. లే ముందు."

తలుపు తెరుచుకుంది. దెలిన్ బెల్టు పట్టుకుని బయటికి వచ్చాడు, మిన్‌యా లోపలికి వెళ్ళింది. గడియ పడ్డ చప్పుడు హాలంతా వినిపించింది. తను ఎంతమంది ముందు ఏం మాట్లాడిందో గుయిజెన్‌కి అప్పుడు తెలిసింది. ముప్పై నలుగురూ తనవైపే చూస్తున్నారు. ఇక కుర్చీలు జరుపుకుంటారు, మెట్ల మీద ఎదురైతే గోడవైపుకి తప్పుకుంటారు, ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో అని ఆవిడ తల వంచుకుని నిలబడింది.

"అయితే" అంది చివరికి పాంగ్ వదిన, "మేం తొక్కింది మిన్‌యా కోసమన్నమాట."

"అవును వదినా."

పాంగ్ వదిన ఆలోచించింది. "పోనీలే. అడుగులు పడ్డాయి, ఎవరి పేరైతే ఏం."

లువో పెద్దాయన బల్ల మీద కళ్ళు తిప్పకుండానే అన్నాడు. "నాకు పొద్దున్నే తెలుసు. పిప్పిలో రేగు గింజల పప్పుంది. అది నిద్రపట్టనివాళ్ళకి. తాన్ గురక మా బ్లాకుదాకా వినిపిస్తుంది, వాడికి నిద్రమందెందుకు? రేవలచిన్నీ రేగు పప్పూ కలిపి ఏ డాక్టరమ్మ రాస్తుందో, ఎలాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి రాస్తుందో నాకు తెలియదా? పదకొండేళ్ళనుంచి నేనూ అదే తాగుతున్నాను."

"నువ్వా పెద్దాయనా?"

"నేనే. మా ఆవిడ పోయాక నా పిట్ట నాకు లెక్చర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మాత్రలు వేసుకున్నాక మామూలుగా కూస్తోంది."

గుయిజెన్ తలుపు దగ్గరినుంచి బల్ల దగ్గరికి వచ్చింది. "అంతా తెలిసి, మా ఆయన్ని తాగనిచ్చావా?"

"నాలుగేళ్ళుగా ఓడిపోతున్నానమ్మా" అన్నాడు పెద్దాయన, చాలా మర్యాదగా. "పిల్లకి కావలసింది పొద్దున్నే బాల్కనీలో ఇచ్చాను. నువ్వులు, తేనె కలిపి నూరిన ఉండలు, నేను రోజూ తినేవే. రెండు గ్లాసుల వేడినీళ్ళు కూడా తాగించాను. నా గడియారానికేం రోగం లేదు."

దెలిన్ గోడకి చేరగిలబడి అతనివైపు చూశాడు. తిట్టడానికి ఓపిక లేదు. "దొంగ ముసలాడా" అని మాత్రం అన్నాడు.

"నీ ఎత్తు, తాన్" అన్నాడు పెద్దాయన.

దెలిన్ ఒక అడుగు బల్లవైపు వేశాడు. ఆగాడు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, మరుగుదొడ్డి తలుపువైపు తిరిగి, "అమ్మా మిన్‌యా, ఎంతసేపు?" అన్నాడు దీనంగా.

"ఆరు రోజులది నాన్నా" అని జవాబు వచ్చింది లోపలినుంచి. "తొందరపెట్టకు."

మిన్‌యా బయటికి వచ్చినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముప్పై నలుగురూ ఒక్కసారిగా చదరంగం తెలిసినవాళ్ళలా బల్లవైపు చూస్తూ కూర్చున్నారు. దెలిన్ ఆమె పక్కనుంచి గాలిలా లోపలికి దూసుకుపోయాడు. మిన్‌యా తల్లి పక్కన కూర్చుని, ఎవరో తెచ్చిన చిలగడదుంప తీసుకుని తొక్క వలిచింది. పక్క కుర్చీలో ఆవిడ కుర్చీని జరుపుకుంది, ఇంకాస్త దగ్గరికి. "మా మేనకోడలికీ ఇలాంటి మాత్రలేనమ్మా. ఆ ఉండలు ఎలా చేస్తారో పెద్దాయన్ని అడిగి చెప్పవూ" అంది.

సాయంత్రం భోజనాలయ్యాక గుయిజెన్ మాత్రల డబ్బా దగ్గరికి వెళ్ళలేదు. చూడకూడదని అనుకుంటూ గిన్నెలు తోమింది, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. వెనకనుంచి డబ్బా మూత తెరిచిన చప్పుడైంది.

"అమ్మా, మంచినీళ్ళు ఇలా ఇవ్వు" అంది మిన్‌యా.

గుయిజెన్ నిండు గ్లాసు అందించి, పిల్ల గొంతు కదిలేదాకా చూసి, అప్పుడు కూర్చుని ఏడ్చింది. మూడో విడత బాత్రూములోంచి వచ్చిన దెలిన్ అది చూసి, మళ్ళీ ఏమైందోనని హడలిపోయాడు.

చీకటి పడేలోపు పాంగ్ వదిన కాలక్షేపం హాలు తలుపుకి ఒక కాగితం అతికించింది. ఫైనల్ వచ్చే శనివారానికి వాయిదా వేయడమైనది, కారణం: ఆటగాడికి, ఆటగాడి కూతురికి ఆరోగ్యం కుదుటపడుట.